పసుపు పెట్టిన వైపు

ఆ వారం మా ఇంట్లో భయం రెండు చోట్ల ఉండేది. ఒకటి ఆవ గట్టు మీద కొత్తగా పాతిన బోర్డులో, రెండోది మా ఆయన చొక్కా జేబులో.

మా ఊరి పెద్ద చెరువును ఆవ అంటాం. చలికాలం ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి దాని మీద వాలతాయి. ఆదివారాలు అనకాపల్లి నుంచీ ఎలమంచిలి నుంచీ జనం ఆటోల్లో దిగి, తాటి దోనెలెక్కి తామరాకుల మధ్య తిరిగి వెళ్తారు. కార్తీకంలో గట్టు కింద ఉసిరి చెట్ల దగ్గర వనభోజనాలు. మా ఆయనది దోనె పని. రెండు తాటి మొద్దులు తొలిచి, పక్కపక్కన కట్టి, మీద పలక వేస్తే అది దోనె. మాది మా మామగారు తన చేత్తో తొలిచింది. నీళ్ళలో ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు. గట్టెక్కించి ఎండలో వదిలేస్తే మాత్రం నెల తిరక్కుండా నిలువునా పగులుతుంది.

బోర్డు పాతిన రోజు ఆడవాళ్ళు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు, చదివి చెప్పమని. పిట్టల రక్షణ కోసం దోనెలు నిషేధం. ఈత, స్నానం, వంట నిషేధం. వచ్చినవాళ్ళు గేటు దగ్గర నుంచే చూసి వెళ్ళాలి. చదువుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అరుగు మీద కూర్చుని ఒక కాగితం మడతపెట్టి జేబులో దోపుకుంటున్నారు. ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి దరఖాస్తు. మా వీధిలో ఒకాయన అలాంటి పనికే వెళ్ళి రెండు చేతులూ కాల్చుకుని వచ్చాడు. ఈ రోజుకీ భార్య అన్నం కలిపి ముద్దలు పెడుతుంది. ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నేను తల వంచుకుని నడుస్తాను.

"ఎందుకండీ ఆ కాయితం?" అన్నాను.

"దోనెకి గేటెట్టేసినాక నాకు ఇంకేటొచ్చు సెప్పు?" అన్నారు.

మర్నాడు పొద్దున దోనెల వాళ్ళంతా మా అరుగు మీద చేరారు. మా ఆయన మేనమామ వాళ్ళందరికీ పెద్ద. "కోడలా, నీ సేతిరాత ముత్యాల్లాగుంటది. కలెక్టరాఫీసుకి అర్జీ నువ్వే రాసియ్యి" అన్నాడు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న పొద్దున్నే పూజ ముగించి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించేవారు. ఉత్తరం రాయడమూ ఆయనే నేర్పారు. ఎవరికి రాసినా ముందు వాళ్ళు చేసిన మేలు తలుచుకోవాలి, తర్వాతే నీ మాట అనేవారు. నాకు అదొక్కటే పద్ధతి తెలుసు. అందుకే అర్జీలో ముందుగా గట్టు బాగుచేయించినందుకు, గుర్రపుడెక్క తీయించినందుకు, రేవు దగ్గర లైటు వేయించినందుకు ఒక్కొక్కదానికీ విడివిడిగా దణ్ణం పెట్టాను. పిట్టలను కాపాడాలన్న మీ మనసు చల్లగా ఉండాలని మా ఊరంతా కోరుకుంటోంది అని రాశాను. అది అబద్ధం కూడా కాదు. ఆ పిట్టలంటే మాకూ ప్రాణమే. అక్కడికి మొదటి పేజీ ఇంచుమించు నిండింది, కింద నాలుగు వేళ్ళ జాగా మిగిలింది. కాగితం తిప్పి అసలు సంగతి రాశాను: దోనెలకు ఇంజను లేదు, చప్పుడు లేదు. పిట్టలు గుడ్లు పెట్టే తూర్పు రెల్లు వైపు మేం వెళ్ళం. పడమటి రేవు మాత్రం మాకూ, వచ్చేవాళ్ళకూ వదలండి. ఏదీ కుదరకపోతే దోనెలనైనా నీళ్ళలో ఉండనివ్వండి.

శుభలేఖకు పెట్టినట్టు మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు పెట్టాను. సంతకాల దగ్గరకు వచ్చేసరికి పక్కింటావిడ అడ్డం పడింది. "పసుపున్నేపు పెట్టండర్రా. ఎనకేపు పెడితే ఏటి సుభం?"

అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది, అదే నా పాపం. మిగిలిన జాగాలో, అంచుల్లో, మొదటి పేజీ నిండా సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. పెద్దాయన బొటనవేలికి ఇంకు దట్టంగా పూసుకుని నొక్కుతుంటే ఎవరో అన్నారు: "మావా, ముద్దరేత్తన్నావా, పిడక కొడతన్నావా?" బోర్డు వచ్చాక మా వీధిలో నవ్వు వినపడటం అదే మొదలు.

ఆఖరున పెద్దాయన కాగితం చేతిలోకి తీసుకుని, "పసుపెట్టిన కాయితం గవుర్మెంటోళ్ళ బీరువాలో పడీడమేటి? నువ్వు దేవుడికాడ ఎట్టుకో కోడలా. ఆళ్ళకి జిరాక్సిత్తాను" అన్నాడు. అనకాపల్లి వెళ్ళి జిరాక్సు తీయించి ఆఫీసులో ఇచ్చి, అసలు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాన్ని పటం వెనక ఉంచి రోజూ దీపం పెట్టినప్పుడు కళ్ళకద్దుకున్నాను. అడిగే నోరు ఇచ్చినందుకు, రాసే చెయ్యి ఇచ్చినందుకు.

పది రోజులకు ఒక ఆఫీసరుగారు పంచాయతీ ఆఫీసుకు వచ్చారు. మగవాళ్ళు ముందు, మేం ఆడవాళ్ళం గోడవారగా నిలబడ్డాం. ఆయన ఫైలు తెరిచి, విప్పారిన ముఖంతో అన్నారు: "ఇలాంటి ఊరు నేనెక్కడా చూడలేదండీ. ఎక్కడికెళ్ళినా గొడవ చేస్తారు. మీరు మాత్రం థాంక్స్ చెబుతూ సంతకాలు పెట్టి మరీ పంపారు. చాలా సంతోషం." నా వాక్యాలు ఒక్కొక్కటీ చదివారు. మీ మనసు చల్లగా ఉండాలి అన్నది కూడా. "సోమవారానికల్లా దోనెలు గట్టెక్కించేయండి. ఆర్డరు వచ్చేసింది."

తలలన్నీ నా వైపు తిరిగాయి. మా ఆయన మెల్లిగా అన్నారు, అందరూ వినేలాగే: "ఏటి రాసేవే నువ్వు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అలా చూడలేదు.

పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "దాన్నేటీ అనకండర్రా. జిరాక్సోడు ఒకేపే తీసేడు. నాను తిప్పి సూళ్ళేదు."

నేను ఇంటికి పరుగెత్తాను. పటం వెనక నుంచి కాగితం తీస్తుంటే చెయ్యి తగిలి కుంకుమ భరిణె పడి ఒలికిపోయింది. ఎత్తడానికి ఆగలేదు. ఎత్తకుండా వచ్చేశానే అన్న బెంగ ఒకటి, ఆఫీసరుగారు వెళ్ళిపోతారేమో అన్న బెంగ ఇంకొకటి, రెండూ దారంతా నాతోనే వచ్చాయి.

ఆయన జీపు ఎక్కబోతున్నారు. మగవాళ్ళ మధ్య నుంచి వెళ్ళి కాగితం తిప్పి చదివాను. అంతమంది మగవాళ్ళ ముందు నేను గొంతు విప్పడం అదే మొదటిసారి. దోనెలనైనా నీళ్ళలో ఉండనివ్వండి అన్న చోట ఆగి ఆయన ముఖంలోకి చూశాను. మళ్ళీ చదివాను.

ఆయన కాగితం తీసుకుని రెండు వైపులా చూశారు. చెడ్డ మనిషి కాదు. "ఇది నా ఫైల్లో లేదమ్మా. ఆర్డరు ఆపడం నా చేతుల్లో లేదు. మళ్ళీ రాసివ్వండి, పైకి పంపిస్తాను. జవాబు వచ్చేదాకా దోనెలు గట్టు మీదే ఉండాలి."

నేను దణ్ణం పెట్టాను. "మళ్ళీ దణ్ణమేటొదినా! దీన్నీ జిరాక్సు తీసీగల్రు" అంది పక్కింటావిడ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొత్త అర్జీలో అడగవలసింది ముందు రాశాను. పలకరింపైనా లేకుండా ఇది కావాలి అని మొదలుపెడుతుంటే నాన్న పక్కన కూర్చుని చూస్తున్నట్టే అనిపించి పెన్ను మూడుసార్లు కింద పెట్టాను. దణ్ణాలు చివర ఒక్క వరుసలో సర్దాను. పసుపు రెండు వైపులా పెట్టాను. సంతకాలూ రెండు వైపులా చేశారు. పెద్దాయన అసలు కాగితమే ఇచ్చి వచ్చాడు.

సోమవారం దోనెలు గట్టెక్కాయి. తడి గోనెలు కప్పి, పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్ళు పోస్తున్నాను. గేటు దగ్గర కాపలా అతను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు. అతను మారిపోయి ఇంకొకరు వస్తే? రోజూ గేటు కనపడేదాకా నాకు అదే గుబులు.

జవాబు ఇంకా రాలేదు. నిన్న గోనె ఎత్తి చూస్తే ఎడమ మొద్దు ముక్కు దగ్గర వెంట్రుకంత గీత కనిపించింది. తడి మట్టి తీసి మెత్తి, వేలితో నున్నగా రాశాను. ఇంట్లో చెప్పలేదు.

సాయంత్రం మా ఆయన జేబులోంచి ఆ కంపెనీ కాగితం తీసి నా ముందు పెట్టారు. మడతల దగ్గర నలిగిపోయి ఉంది. "ఓలే, ఇదీ నువ్వే రాసియ్యి. నీ రాతయితే బాగుంటది" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

ఆయన పేరు దాకా రాశాను. తర్వాతి గడిలో, ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి అని ఉంది. అక్కడ పెన్ను ఆగిపోయింది.

"కళ్ళు లాగేత్తన్నాయండి. రేపు రాత్తాను" అన్నాను.

ఆయన కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఈ పొద్దున్న మళ్ళీ అడగలేదు. అందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుని, బిందె తీసుకుని ఆవ వైపు నడిచాను.