కరువు తగ్గింపు

ఎనభై అయిదు ఎండాకాలంలో ఆదోని వీధుల వెంట రిక్షాకు కట్టిన మైకు ఒకటే మోత మోగింది. "కరువు తగ్గింపు, రండి, మన గోపాలయ్య శెట్టి దుకాణంలో కరువు తగ్గింపు." గోపాలయ్య ఫ్యాన్లు, టీవీలు, నీళ్లు పోస్తే చల్లగాలి వదిలే కూలర్లు అమ్మే ఆసామి. కరువు పేరు చెప్పి ధర తగ్గిస్తే సరుకు కదులుతుందని ఆయన ఆశ. ఆ మాట రాసిచ్చిన కొడుకు బెంగుళూరులో చదివాడు. కరువు అంటే పేపర్లో వచ్చేదని అతని నమ్మకం.

దేవక్క పత్తి మిల్లులో కూలి. ఎమ్మిగనూరు దారిలో, నడిచి వచ్చేంత దూరంలో ఆమె పల్లె. ఊరి బావిలో బురద కూడా ఎండిపోయింది. సర్కారు పంపే నీళ్ల ట్యాంకరు కొన్నాళ్లుగా కనబడడం మానేసింది. ఇంట్లో కోడలు బిడ్డను కని పడుకుంది. పురుటి స్నానానికి నీళ్లు లేవు. బాలింతను తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ దేవక్కకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చేవి.

మిల్లు నుంచి ఇంటికి పోతూ ఆమె మైకు విన్నది. సర్కారుకు చేతగాని పని శెట్టి నెత్తిన వేసుకున్నాడు, మహానుభావుడు అనుకుంది. మర్నాడు దుకాణం తెరిచేసరికి పల్లె ఆడవాళ్లందరినీ బిందెలతో వాకిట నిలబెట్టింది.

అంత జనాన్ని చూసి గోపాలయ్యకు కడుపు నిండిపోయింది. "ఏం గావాలమ్మా, టీవీయా?"

"కరువు తగ్గిస్తాండారంట గదప్పా. ముందు మా ఊర్లో మొదలుపెట్టండి. బాలింతకు నీళ్లు పోసి శానా దినాలాయ."

శెట్టి పగలబడి నవ్వాడు. "తగ్గేది కరువు కాదమ్మా, ధర."

"తాగను నీళ్లు లేనోళ్లం, ధర తగ్గితే ఏం జేసుకుంటామప్పా?"

అంతలో నీళ్ల ట్యాంకరు ఒకటి వచ్చి వాకిట ఆగింది. అరుగు మీద వరసగా పెట్టిన కూలర్లకు నీళ్లు పోయాలి కదా. దేవక్క ఆ ట్యాంకరును, దాని డ్రైవరు సుంకప్పను చూడగానే గుర్తుపట్టింది. అది వాళ్ల పల్లెకు రావలసిన ట్యాంకరే.

"ఏం సుంకప్పా, మా ఊరి దావ మర్సిపోతివా?"

సుంకప్ప తల వంచుకున్నాడు. "శెట్టి నన్ను బాగా సూసుకుంటాండాడక్కా."

పల్లె గొంతు ఎండబెట్టి తీసిన చల్లగాలి అది. దేవక్కకు ఒళ్లు మండిపోయింది. తిట్టడం కూడా దండగనిపించి కొళాయి తిప్పి బిందె పట్టింది. ఆమె వెనకే తక్కినవాళ్లూ పట్టారు. మిగిలిన నీళ్లు పల్లెకు చేరేదాకా దిగనని ట్యాంకరెక్కి కూర్చుంది. సుంకప్ప బండి పల్లె వైపు తిప్పాడు. అరుగు మీద ఎండిపోయిన కూలర్లు బేరగాళ్ల ముఖాన వేడిగాలి కొట్టాయి.

మధ్యాహ్నం కానిస్టేబులు సైకిలు తొక్కుకుంటూ పల్లెకు వచ్చాడు. నీళ్లు దొంగిలించారని శెట్టి ఫిర్యాదు ఇచ్చాడట. దొంగసొత్తు చూపించమన్నాడు.

దేవక్క లోపలికి పోయి, అప్పుడే నీళ్లు పోసిన పసిబిడ్డను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "కొంచెం దీని మీదుండాదప్పా. మిగతాది కడవలో ఉండాది. తీసుకపోండి."

బిడ్డ తల ఇంకా తడిగానే ఉంది. కానిస్టేబులు దాన్ని పదిలంగా తిరిగి ఇచ్చి, కడవ వైపు చూస్తూ పెదవులు తడుపుకున్నాడు. ఒక చెంబెడు సొత్తు గటగటా తాగి, ఇంకో చెంబు అడిగాడు.