చేప నూనె తాగిన రెయిలింగు

మా వీధి వసారాకి ఉన్న చెక్క రెయిలింగు రంగు ఈ వేసవిలో నేనే గీకాను. అరవై దాటిన మనిషిని, కీళ్ల నొప్పులు, పైగా రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ని. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి మరీ చూశారు. కూలి మనిషిని పంపిస్తామని ఇద్దరు ముగ్గురు అన్నారు. వద్దన్నాను. ఆ రంగు పొక్కులు లేచి పాడైపోవడానికి కారణం నేను. దానికి మాట పడినవాడు ఇంకొకడు. ఆరేళ్లుగా గుమ్మం దాటిన ప్రతిసారీ ఆ పొక్కులు కనపడేవి, నేను చూడనట్టు వెళ్లిపోయేదాన్ని.

మా నాన్న కృత్తివెన్ను వైపు సముద్రం మీద వేట చేసి బతికిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి వేట మానేశాక బందరు వచ్చి నా దగ్గర ఉన్నాడు. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. నాన్న ఇంజనూ వలలూ అమ్మేశాడు గానీ పడవని అమ్మలేదు. విప్పించి, గట్టిగా ఉన్న చెక్కలు ట్రాక్టరు మీద వేయించుకొచ్చి, వడ్రంగి పక్కనే కూర్చుని నా వసారాకి రెయిలింగు చేయించాడు. అది పూర్తయిన రోజున చెయ్యేసి ఊపి చూసి, కదలకపోతే, పిల్లాడిలా నవ్వాడు.

ఏటా ఎండాకాలం వేట నిషేధం పెడతారు. ఆ రోజుల్లో పడవలు ఒడ్డుకి లాగి, బాగుచేసుకుని, చెక్కకి చేప నూనె పట్టిస్తారు. ఉప్పుగాలికి చెక్క పాడవకుండా కాపాడేది అదేనని మావాళ్ల నమ్మకం. పడవ లేకపోయినా ఆ రోజులు రాగానే మా నాన్న చేతులు ఊరుకునేవి కావు. ఊరి నుంచి డబ్బాతో నూనె తెప్పించుకుని, పాత లుంగీ ముక్క అందులో ముంచి, రెయిలింగు కమ్మీ కమ్మీకీ పట్టించేవాడు. పది రోజులపాటు మా ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లకి ఆ వాసనే.

ఆ వాసన సంగతి చెప్పకపోతే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు. బందరులో హైస్కూల్లో చదివేటప్పుడు నా పక్కన కూర్చునే అమ్మాయి ఓణీ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. నోటితో ఒక్క మాట అనేది కాదు. అంటే జుట్టు పట్టుకుని ఉండేదాన్ని. తెల్లవారకముందే లేచి సబ్బు అరగదీసి స్నానం చేసి వెళ్లినా ఆ చెంగు దిగలేదు. ఆ పిల్ల మీద కోపం రావాల్సింది. నాకు మా ఇంటి మీద వచ్చింది.

గుడ్లవల్లేరు దగ్గర స్కూల్లో హెడ్మిస్ట్రెస్ అయిన ఏడాది, స్టాఫ్ అందరూ భోజనానికి పిలవమని పట్టుబట్టారు. సరేనన్నాను. ఇంటికి రాగానే ఈ ఏడు నూనె వద్దని నాన్నకి చెప్పేశాను. మంచి క్రీమ్ కలర్ వేయిస్తానన్నాను. తెప్పించిన నూనె డబ్బా మూత బిగించి తీసుకెళ్లి పెరట్లో పెట్టాడు.

పెయింటరు మా వీధి చివరి ఇంట్లోనే ఉండేవాడు. పనిమంతుడు. మా వీధిలో సగం తలుపులకి అతని చేతి రంగే. వచ్చి అరచేత్తో చెక్కని నెమ్మదిగా రాసి చూశాడు. ఏడాది కిందటి నూనె కాబట్టి వాసన రాలేదు. అయినా పని తెలిసినవాడికి అనుమానం వచ్చింది.

"దీనికి నూనెగానీ ఏమైనా రాశారా మేడమ్ గారూ? నూనె తాగిన చెక్క రంగు పట్టదండీ."

లేదన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఎక్కడో పాత ఇల్లు పడగొడుతుంటే ఆ చెక్క కొన్నామని కూడా చెప్పాను. నాన్న నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన పడవని, ఆయన పనిని, ఆయన్ని కలిపి ఒక్క మాటతో అవతల పారేశాను. ఆయన వీధి వైపు చూస్తూనే ఉన్నాడు.

అతను నా మాట నమ్మాడు. గరుకు కాగితం పట్టి, ప్రైమర్ వేసి, రెండు కోట్లు రంగు కొట్టాడు. మెరిసిపోయింది. స్టాఫ్ వచ్చారు, రెయిలింగుకి ఆనుకుని ఫొటోలు దిగారు, ఎంత బాగుందో మేడమ్ అన్నారు. ఆ పూట నా గొప్పకి పట్టపగ్గాలు లేవు.

వానలు మొదలవగానే రంగు పొక్కింది. తర్వాత ఎండ కాసేసరికి ఉల్లిపొరల్లా ఊడి వసారాలో పడింది. కింద చెక్క జిడ్డుగా, నల్లగా ఉంది. ఎందుకు ఊడిందో నాకు తెలుసు. తెలిసే, పెయింటర్ని పిలిచి నలుగురూ వినేలా కేకలేశాను. రంగు మిగుల్చుకుని, సగం థిన్నరే కలిపి కొట్టావన్నాను. ఎదురింటావిడ అడిగితే ఆవిడకీ అదే చెప్పాను. పక్కింట్లో చెప్పాను, కూరల బండి దగ్గర చెప్పాను. టీచరు చెప్పిందంటే వీధిలో ఒక విలువ ఉంటుంది కదా, ఆ విలువంతా దానికే వాడాను.

వారం తర్వాత అతను తన రంగే తెచ్చుకుని మళ్లీ వేసి వెళ్లాడు. దీపావళి దాటకుండా అదీ పొక్కింది. ఆ తర్వాత మా వీధిలో అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. కొన్నాళ్లకి కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలాకి కుదిరాడని విన్నాను. నెలకో రెండు నెలలకో ఇంటికి వస్తుండేవాడు.

నాన్న కుర్చీ పెరట్లోకి మార్చుకున్నాడు. వసారాలో గాలి వస్తుంది కదా నాన్నా అంటే, ఇక్కడే బాగుందమ్మా అనేవాడు. రెండేళ్ల తర్వాత ఒక వానాకాలంలో పోయాడు. చివరిదాకా ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి రెండేళ్లు చాలలేదు నాకు.

ఈ ఏడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఇక తప్పించుకునే దారి లేకపోయింది. రంగుల కొట్టువాడిని అడిగితే ఎలా చేయాలో చెప్పాడు. లప్పం పెట్టే రేకుతో పొరలు లేపాను. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి, బ్రష్‌తో రుద్ది కడిగాను. ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచాను. మర్నాడు ఎండెక్కేసరికి చెక్క లోపలి నుంచి నూనె మళ్లీ చెమర్చింది. మళ్లీ కడగడం, మళ్లీ తుడవడం. నాలుగోసారికి గుడ్డకి జిడ్డు అంటడం తగ్గింది. కడిగిన ప్రతిసారీ వీధిలోకి ఆ వాసన లేచింది. ఈసారి నేను లోపలికి వెళ్లలేదు, ఎవరైనా అడిగితే మా నాన్న రాసిన చేప నూనె అని చెప్పాను. ఆయన బతికుండగా నా నోట్లోంచి రాని మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒక ఆదివారం పెయింటరు సైకిల్ మీద వెళ్తూ కనపడ్డాడు. పిలిచాను. దిగి, సైకిల్ పట్టుకునే నిలబడ్డాడు. తప్పు నాదని చెప్పాను. నూనె సంగతి దాచానని, థిన్నర్ మాట కావాలనే పుట్టించానని, అన్నీ చెప్పాను. అతను మధ్యలో ఆపాడు.

"నాకు తెలుసండీ. రెండోసారి రంగు వేయడానికి ముందురోజు పెద్దాయన మా ఇంటికి వచ్చి చెప్పారు. నూనె నేనే రాశానయ్యా, మా అమ్మాయి చెప్పుకోలేకపోయింది, అన్నారు."

తెలిసి కూడా మళ్లీ ఎందుకు వేశావని అడిగాను.

"కడగాలంటే వాసన లేస్తుంది, వీధంతా తెలిసిపోద్ది, మా అమ్మాయికి నామోషీ, పైపైన వేసెయ్యి అన్నారండీ. చేతులు పట్టుకున్నారు. అంత పెద్దాయన పట్టుకుంటే ఏం చేయనండీ."

కుంటుకుంటూ ఆ వీధి చివరిదాకా వెళ్లి ఉంటాడు మా నాన్న. నన్ను కాపాడడానికి. ఈ రంగు నువ్వే వేసి పెట్టవయ్యా, వీధిలో అందరూ చూస్తారు, అని అడిగాను. అతను రెయిలింగు మీద ఒకసారి అరచెయ్యి రాసి చూశాడు.

"బాగా కడిగారండీ. ఇప్పుడు ఎవరు వేసినా రంగు పట్టుకుంటుంది."

అని సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఎదురింటికి వెళ్లాను. అప్పట్లో నా మాట మొదట విన్నది ఆవిడే కాబట్టి మొదట ఆవిడకే చెప్పాలనుకున్నాను. అతను థిన్నర్ కలపలేదని, చెక్కలో నూనె ఉందని, తెలిసే నేను అబద్ధం చెప్పానని చెప్పాను. ఆవిడ కాఫీ ఇచ్చి అంతా విన్నది. విని, నా చెయ్యి నిమిరింది.

"మీ మనసు మంచిది మేడమ్ గారూ, పోనీలే పాపం అని వెనకేసుకొస్తున్నారు. మేం మాత్రం అతన్ని గుమ్మం ఎక్కనివ్వం."

కాదండీ, నిజమే చెబుతున్నాను అన్నాను. ఆవిడ నవ్వి, కాఫీ చల్లారిపోతుంది తాగండి అంది.