మూడు పక్కన పదహారు సున్నాలు

మా బావ నాకు చదువు చెప్పింది ఒక్క పూట. ఆ ఒక్క పూట చదువుకే కొల్లేరులో మొహం చూపించుకోలేకుండా అయ్యాను. బడిలో ఇంకో నాలుగేళ్ళు ఉండివుంటే ఏమైపోయేవాణ్ణో!

నేను థర్డు ఫారంలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. మా అక్కని చేసుకున్న బావ మాత్రం సైన్సులో డిగ్రీ పుచ్చుకున్నాడు. అందుకని ఇంట్లో వేళాకోళం నా వంతు, గౌరవం ఆయన వంతు. పంపకం ఇద్దరికీ నచ్చింది. పందొమ్మిది వందల యాభైల్లో ఏలూరు స్టేషను దగ్గర కొత్తగా ఐసు ఫ్యాక్టరీ కడితే, మిషను చూసుకునే ఉద్యోగంలో ఆయన్ని తాత్కాలికంగా వేసుకున్నారు. నేనేమో కొల్లేరు మధ్యనున్న లంకల నుంచి చేపల గంపలు పడవ మీద తెచ్చి, బండికెత్తి, గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం బజారుకి చేర్చేవాణ్ణి. అక్కడి వర్తకులది ఏళ్ళనాటి వాడుక. ధర తక్కువే గానీ, చీకటి పడేసరికి గంపలు ఖాళీ.

"ఒరే, ఆ గంపల్ని ఐసులో పెట్టి హౌరా రైలెక్కిస్తే గూడెంలో వచ్చేదానికి రెట్టింపు వస్తుందిరా. లంకల వాళ్ళకి చెప్పు" అన్నాడు బావ ఒకరోజు, ఫ్యాక్టరీ చూపిస్తూ.

"అందరికీ చాలినంత ఐసు వస్తుందా బావగారూ? నడి ఎండాకాలంలో కూడానా?"

ఆయన అవుననలేదు. సుద్దముక్క తీశాడు. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఐసుగది తలుపు మీద లెక్క మొదలుపెట్టాడు. మిషను పది టన్నులది. అంటే సున్నా డిగ్రీల దగ్గరున్న నీళ్ళని పది టన్నులు, ఒక్కరోజులో గడ్డ కట్టించగలదు. ఆ టన్ను మన టన్ను కన్నా కాస్త చిన్నదట. గ్రాముకి ఎనభై కాలరీల చొప్పున రోజుకి డెబ్బై రెండు కోట్ల కాలరీలు.

"కాలరీకి పిల్లల్లేరాండీ?" అన్నాను.

"ఎందుకు లేరు? ఎర్గు అని ఉంది. దోమ లేచి ఎగరడానికి పడే కష్టమంత. ఒక్కో కాలరీకి నాలుగు కోట్ల పైచిలుకు ఎర్గులు."

కోట్లని కోట్లతో హెచ్చవేశాడు. మూడు వేసి, పక్కన సున్నాలు పెట్టుకుంటూ పోయాడు. తలుపు అయిపోయింది. మిగిలిన సున్నాలు గోడ మీదికి పాకాయి. పదహారు!

"బాబోయ్! ఇంత చలవ వదిలితే కొల్లేరే గడ్డకట్టుకుపోతుందండీ. కొంగలు జారిపడి కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి."

బావ పగలబడి నవ్వాడు. నా మాటలకి ఆయన అంతగా నవ్వడం అదే మొదలు. పొంగిపోయాను.

లంకల్లో ఒక పద్ధతి ఉంది. బేరంలో గట్టిగా మాటివ్వాలంటే ఆరేసిన వల అంచు పట్టుకుని చెప్పాలి. ఆ మాట తప్పితే వలకి మైలంటుకుందని, పసుపునీళ్ళలో కడిగి ఆరేస్తే గానీ మళ్ళీ నీళ్ళలో వెయ్యరు. నన్ను మాత్రం ఎవరూ ఏనాడూ వల పట్టుకోమనలేదు. నేను నోరు తెరిస్తే నవ్వడానికి సిద్ధంగా కూర్చునేవాళ్ళు, నమ్మడానికి కాదు.

ఆ రోజు పదహారు సున్నాల సంగతి చెబితే ఎవరూ నవ్వలేదు. లంకలో పెద్దాయన చుట్ట పక్కన పెట్టాడు.

"ఏవండీ అబ్బాయిగారూ, ఇది హాస్యం కాదు కదండీ?"

"కాదండీ."

"గూడెం వాళ్ళని వదిలేసుకుంటే మళ్ళీ రానివ్వరండీ. మీరు వల పట్టుకుంటారా?"

పట్టుకున్నాను. రెండు చేతులతోనూ, గర్వంగా.

చలికాలమంతా బాగానే గడిచింది. గంపలో ఒక వరస ఐసు, ఒక వరస చేప, పైన ఊక. ఎండలు ముదిరాక ఐసు దిమ్మలు తగ్గడం మొదలైంది. సరస్సులో నీళ్ళు తగ్గి చేప విరివిగా పడే రోజులవి. ఒక మధ్యాహ్నం స్టేషనులో సగం గంపలు ఐసు లేకుండా ఉండిపోయాయి. ముందు వాలుగ చేపలు పాడయ్యాయి. ఆ వాసన ముక్కులో ఉండగానే ఫ్యాక్టరీకి పరిగెత్తాను.

"బావగారూ, మన పదహారు సున్నాల్లో ఎన్ని మిగిలాయండీ?"

"అన్నీ ఉన్నాయిరా" అన్నాడు, మిషను మీద చూపు తిప్పకుండానే. "కాలవ నీళ్ళు వేడెక్కాయి. గడ్డ కట్టించే ముందు వాటిని సున్నాకి దించాలి కదా. ముప్ఫై డిగ్రీల నీళ్ళకి గ్రాముకి ముప్ఫై కాలరీలు అక్కడే ఖర్చు. ఎనభై ఆ తరవాత. పైగా గోడల్లోంచి దూరే వేడొకటి. ఎండాకాలం ఆరు టన్నులు వస్తే గొప్ప."

"ఈ సంగతి ఇప్పుడే తెలిసిందా మీకు?"

ఆయన గుడ్డ తీసి మిషను తుడవడం మొదలుపెట్టాడు.

"తెలుసు. మొదటి నుంచీ."

"నడి ఎండాకాలంలో కూడానా అని అడిగాను కదండీ!"

"నేను వేసిన లెక్కలో తప్పుంటే చూపించు."

తప్పు లేదు. ఈరోజుకీ లేదు. ఎవర్నడిగినా పదహారు సున్నాలే అన్నారు.

"లంకల సరుకు తెప్పిస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నార్రా వీళ్ళు" అన్నాడు నెమ్మదిగా. "నేను చెబితే లంకల వాళ్ళు అనుమానపడతారు. నువ్వైతే కల్లాకపటం లేనివాడివని..."

మా ఇంట్లో నన్ను అంత బాగా మెచ్చుకున్నవాళ్ళు లేరు.

గూడెం వెళ్ళి వర్తకుల కాళ్ళావేళ్ళా పడ్డాను. వాళ్ళప్పటికే వేరేవాళ్ళ దగ్గర కుదుర్చుకున్నారు. "హౌరాలో బాగుందటగా అండీ?" అని మర్యాదగానే సాగనంపారు.

తిడతారన్న ఆశతో లంకకి వెళ్ళాను. గట్టు పొడుగునా చేపల్ని చీల్చి ఉప్పేసి ఎండబెడుతున్నారు. పెద్దాయన ఎదురొచ్చి, "రండి, రండి. ఎండనపడి వచ్చారు" అని చాప వేయించాడు. మజ్జిగ ఇచ్చారు. ఐసు మాట ఒక్కరూ ఎత్తలేదు. నేనే ఎత్తబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదంతా ఎందుకులెండి బాబూ. ఏదైనా నవ్వొచ్చే కబురు చెప్పండి. మీ నోట విని చాన్నాళ్ళైంది."

చెప్పాను. అందరూ నవ్వారు.

ఆయన వెనకాల, చేప దండిగా పడే ఆ రోజుల్లో, వల గుంజల మీద ఆరుతోంది. దాని అంచు నుంచి పసుపునీళ్ళు ఇంకా కారుతున్నాయి.