మాస్టారి నార్వే

భీమశంకరం మాస్టారు జన్మలో కోనసీమ అంచునున్న జొన్నాడ దాటి ఎరగరు గానీ, నార్వే ఉత్తరపు కొసన సముద్రపుటొడ్డునున్న ఒక చిన్న పల్లె ఆయనకు కరతలామలకం. పాత పత్రికలోంచి కత్తిరించిన ఆ ఊరి బొమ్మను తొమ్మిదో తరగతి గోడకు అంటించి, రోజూ పాఠానికి ముందు ఉత్తరీయం కొసతో తుడుస్తారు. ఎర్రటి చెక్క ఇళ్ళు, మంచుకొండ, కర్రల పందిళ్ళ నిండా ఎండుతున్న చేపలు. "ఏం క్రమశిక్షణరా! చేపని కూడా వరస తప్పనివ్వరు," అంటూ పరవశించిపోతారు. ఆయనదేమో నిప్పులు కడిగే వంశం. ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రాదు.

డెబ్బయ్యెనిమిది మాఘంలో ఓ రోజు ఆయనెక్కిన అమలాపురం బస్సులోకి కాసులమ్మ ఎండుచేపల గంపతో ఎక్కింది. మాస్టారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, "కండక్టరుగారూ, ఆ గంప దింపించండి, ప్రాణం పోతోంది!" అన్నారు. కాసులమ్మ గంపను రెండు చేతులా వాటేసుకుంది. "మా మనవరాలు మీ క్లాసేనండి మాస్టారూ. మీ గోడమీది ఊరోళ్ళు కూడా చేపలెండబెడతారంట గదండీ. మరి ఆ కంపు మీకెలా పడిందండీ?"

బస్సంతా ఆయన వైపు తిరిగింది. మాస్టారు కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ ఉండిపోయారు. గంప అమలాపురం దాకా వెళ్ళింది.

మర్నాడు ఆయన తొమ్మిదో తరగతికి కొత్త నోట్సు చెప్పారు: "నార్వే చేపలకు వాసన ఉండదు." కాసులమ్మ మనవరాలు గుండ్రంగా రాసుకుని, దాని కింద గీత కూడా గీసింది.