బండి దగ్గర మనిషి

తోటి డ్రైవర్లు ఆయన్ని నీడ మేస్త్రీ అనేవాళ్లు. ఎంత ఎర్రటి ఎండలో ఆపినా, సూర్యుడు ఎటు తిరిగితే నీడ ఎటు జరుగుతుందో లెక్కగట్టి మరీ బండి నిలబెట్టేవాడు. పాసింజర్లు తిరిగొచ్చేసరికి మిగతా బండ్లన్నీ పెనాల్లా కాలుతుంటే ఈయన బండి మాత్రం చల్లగా ఉండేది.

ట్రావెల్స్‌లో చేరిన రోజు నుంచి మానేసిన రోజు దాకా ఆయన తిప్పింది ఒక్క దారే. కొండల అంచున పాత ఊళ్లను కలుపుకుంటూ పోయే దారి అది. రాతి ఇళ్లూ, కోట గోడలూ, షావుకార్ల మేడలూ చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవాళ్లు. లోపల సామాను ఉంటుంది కాబట్టి డ్రైవరు బండి వదిలి కదలకూడదని యజమాని రూలు. మొదట్లో ఒకటి రెండుసార్లు లోపలికి తొంగి చూద్దామనిపించింది. రానురాను ఆ కోరికా చచ్చిపోయింది. ఏ ఊళ్లో టీ బాగుంటుందో, ఏ సందులో బండి వెనక్కి తిప్పడం కష్టమో అడిగితే నిద్రలో కూడా చెప్పగలడు. ఆ ఊళ్లకు జనం ఎందుకొస్తారో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఇంట్లో భార్య బట్టలు కుట్టేది. ఆయన రాగానే మిషను తొక్కుతూనే, "ఇవాళేం చూశారు?" అని అడిగేది.

పార్కింగు చూశానంటే ఏం బాగుంటుంది? వెనక సీట్లో పాసింజర్లు చెప్పుకున్న మాటలు చెవిన పడి ఉండేవి. వాటికే కాస్త ఉప్పూకారం దట్టించి చెప్పేవాడు. ఆమె మిషను ఆపి వినేది. చివర్లో, "నన్నెప్పుడు తీసుకెళ్తారు?" అనేది.

తీసుకెళ్లడానికి వీల్లేక కాదు. అవతలి ఊరి నుంచి మనుషుల్ని తీసుకురావడానికి బండి ఖాళీగా వెళ్లాల్సిన రోజులు బోలెడు ఉండేవి. "మీ ఇంటావిణ్ణి కూడా ఎక్కించుకోవయ్యా, సీట్లేం అరిగిపోవు" అని యజమాని తనంతట తానే అన్నాడు. డ్యూటీలో పెళ్లాన్ని తిప్పుతున్నాడని నలుగురూ అనుకుంటారని ఈయనకు నామోషీ. "పని మానేశాక తీరిగ్గా తిప్పుతాలే" అని భార్య నోరు మూయించేవాడు.

అన్నమాట ప్రకారమే, పని మానేశాక ఒక పాత కారు కొని ఆమెను ఎక్కించుకుని బయల్దేరాడు. అప్పటికి మిషను తొక్కీ తొక్కీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. అయినా కొత్త చెప్పులు కొనుక్కుంది. దారి పొడుగునా కిటికీ అద్దం దించే కూర్చుంది. ఒక్క ఊరైనా ఆమె కళ్లకు నచ్చితే, ఇన్నేళ్లు ఆగినందుకు ఫలితం దక్కినట్టేనని ఆయన ఆశ.

మొదటి ఊళ్లో గోడ పక్కన నీడ చూసి ఆపాడు. ఆమె దిగింది. ఆయన గుడ్డ తీసి ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"రారా?"

"బండి దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా."

"మన బండేనండీ. ఎవరెత్తుకుపోతారు దీన్ని? ఎదురు డబ్బులిచ్చినా తీసుకోరు."

ఆయన నవ్వాడు గానీ కదల్లేదు. షావుకారి మేడ చూసి ఆమె ఒక్కతే తిరిగొచ్చింది.

"చెక్క మెట్లేవండీ? అడుగేస్తే ఒక్కో మెట్టూ ఒక్కో రాగం తీస్తుందని మీరే చెప్పేవారుగా. అక్కడున్నవి రాతి మెట్లు. ఏనుగెక్కినా చప్పుడు రాదు."

"మార్చేసి ఉంటారు."

"ఎవరి ముత్తాతో వేయించిన రాళ్లు మొన్న మార్చారా?"

రెండో ఊరు కోట ఊరు. మనిషి అరచెయ్యంత ఇనుప మేకులున్న తలుపు గురించి ఆయన ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. ఆమె వెళ్లి చూస్తే అక్కడ ఉన్నవి రెండు రాతి స్తంభాలే. అక్కడ తలుపంటూ ఎవరూ ఎప్పుడూ బిగించలేదని టికెట్లిచ్చే మనిషి చెప్పాడు. ఈసారి ఆమె హాస్యమాడలేదు. వచ్చి సీట్లో కూర్చుని తలుపేసుకుంది.

"నిజం చెప్పండి. మీరెన్నిసార్లు వెళ్లారు లోపలికి?"

తుడిచిన అద్దాన్నే ఆయన మళ్లీ తుడిచాడు. "వెళ్లలేదు."

"ఒక్కసారి కూడానా? మరి ఆ కబుర్లన్నీ?"

"వెనక కూర్చున్నవాళ్లు అనుకునేవాళ్లు. ఏ ఊరి సంగతి ఏ ఊరికి అతికించానో..."

కారు కదిలింది. ఒక వంతెన దాటాక ఆమె అంది: "మీరలా చెబుతుంటే ఎంత కుళ్లుకునేదాన్నో తెలుసా? ఈయన లోకమంతా చూస్తున్నాడు, నన్నేమో మిషను ముందు కుదేశాడు అనుకునేదాన్ని. తీరా చూస్తే మీరూ నాలాగే కూర్చున్నారు." మళ్లీ తనే అంది: "ఇద్దరం కలిసి వెళ్లుంటే ఇద్దరం చూసేవాళ్లం కదండీ."

తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

మూడో ఊళ్లో, పై అంతస్తు గోడల నిండా బొమ్మలున్న పాత మేడ ఒకటుంది. ఆయన నీడ వెతకలేదు. దొరికినచోట కారు ఆపి, తాళం వేసి ఆమె వెంట నడిచాడు. నాలుగడుగులకోసారి చెయ్యి జేబులోకి పోయి తాళాలు తడుముకుంటోంది. మేడ గుమ్మం దాటాక కనిపించిన మెట్లు ఇరుకుగా, నిటారుగా, మెలి తిరిగి ఉన్నాయి. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు.

"నా చెయ్యి పట్టుకో" అన్నాడు.

రెండు మెట్లెక్కి ఆమె పళ్లు బిగపట్టింది. మూడో దాని మీద కాలు పెట్టి, తీసేసింది. మెల్లగా దిగి కింది మెట్టు మీద కూలబడింది.

"ఆ ఖాళీ బండ్లలో తీసుకురావాల్సింది" అన్నాడాయన.

"అప్పుడైతే మీకన్నా ముందు నేనే పైనుండేదాన్ని" అంది. "మీరు వెళ్లండి. ఈసారి చూసి చెప్పండి."

పైన గోడల మీద మనుషులు, గుర్రాలు, చెట్లు. అంతా చూస్తున్నా ఆయన నోటికి పాసింజర్ల మాటలే వస్తున్నాయి. అబ్బ, ఎంత బాగుంది, ఇటు నిలబడు ఫొటో తీస్తా. ఆ మాటలు పక్కకు నెడితే చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మెట్ల మలుపు దగ్గరకొచ్చి కిందికి వంగాడు.

"ఒకావిడ బొమ్మ ఉంది. చేతి మీద పిట్ట."

"ఏం కట్టుకుంది?"

అది చూడలేదు. వెళ్లి చూసొచ్చాడు. "ఆకుపచ్చ గుడ్డ. కుచ్చిళ్లు పాదాల దాకా ఉన్నాయి."

"కుచ్చిళ్లు ఎటు మడిచారు?"

మళ్లీ వెళ్లాడు. వచ్చేసరికి ఆయాసం. "ఎడమ వైపుకి."

"అంచు?"

ఈసారి బొమ్మకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి వెతికాడు. అంచు ఉండాల్సిన చోట పెచ్చు ఊడి, లోపలి రాయి కనబడుతోంది. ఎర్ర అంచు, మీద మల్లెమొగ్గల వరస అని చెప్పడం ఆయనకు చిటికెలో పని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

మలుపు దగ్గరకొచ్చి, "రాలిపోయింది" అన్నాడు.

కింద ఆమె మోకాలు రాసుకుంటోంది. తల పైకెత్తలేదు.

"ఇంకా ఏం మిగిలాయో చూడండి" అంది. "నేనిక్కడే కూర్చుంటాను."