రేడియో కట్టేసి అడిగే టీచరమ్మ

మా సెక్టర్ 2 టీచరమ్మ పోయారు. మొన్న సోమవారం పొద్దున్న నల్లా నీళ్ళు పడుతుంటే పక్కింటి దీదీ గోడ మీంచి చెప్పింది. మరోదా వైపు కూతురింట్లో, నిద్దట్లోనే పోయారట. బకెట్ పొంగిపోతున్నా నల్లా కట్టాలని తోచలేదు. బడికెళ్ళిన మనవరాలికి దారిలో ఎవరైనా చెప్పేస్తారేమో, పిల్ల బెంగెట్టుకుంటుందేమో అని ముందు ఆ కంగారే పట్టుకుంది. నాకు అన్నిటికీ భయమేనని నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

ఆవిడ భర్తా మా ఆయనా ఇక్కడి స్టీలు ప్లాంటులో ఒకే షిఫ్టు. మాదీ వాళ్ళదీ విజయనగరం వైపే, ఉద్యోగాల కోసం ఈ హిందీవాళ్ళ ఊరొచ్చేం. మా అబ్బాయికి ఆవిడే చదువు చెప్పేరు. ఆ రోజుల్లో రేడియోలో పిల్లలకి పాఠాలొచ్చేవి. బళ్ళో రేడియో లేదు. ఇంట్లోది తువ్వాల్లో చుట్టి సైకిలు బుట్టలో పెట్టుకెళ్ళేవారు. పాఠం అవ్వగానే టక్కున కట్టేసి, "పెట్టె చెప్పీసింది. ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవారట. మావాడు అదే ఇంట్లో నా మీద ప్రయోగించేవాడు. వార్తలు అవ్వగానే రేడియో కట్టేసి, ఏటి చెప్పేరో చెప్పమ్మా అనేవాడు. మూడో తరగతితో ఆగిపోయిన దాన్ని, నాకు చెవి పెట్టి వినడం అలా అలవాటైంది.

తరవాత బడికి టీవీ వచ్చింది. చెక్క బీరువాలో పెట్టి తాళం వేసేరు. పాడైపోతుందని పెద్ద మేష్టారి భయం. నాలాంటివాడే పాపం. టీచరమ్మ క్లాసు మొత్తాన్నీ తీసుకెళ్ళి ఆయన గది ముందు వరసగా కూచోబెట్టేరట. తాళం చూసి నేర్చుకునేదేదైనా ఉంటే చెప్పండి సార్, రాసుకుంటాం అన్నారట. మర్నాటికి తాళంచెవి ఆవిడ కొంగుకే ఉంది.

కంప్యూటర్లొచ్చేసరికి ఆవిడ రిటైరుమెంటు దగ్గర పడింది. బళ్ళోవాళ్ళు వాటికి గుడ్డలు కప్పి, చెప్పులు బయట విప్పించి, పిల్లల్ని దూరం నించి చూడమనేవారు. ఈవిడ వెళ్ళి ఆ గుడ్డ తీసి, బోర్డు తుడుచుకోడానికి బాగుంటాదని పట్టుకొచ్చేసేరు. తనకి రాదని దాచుకోలేదు. ఏడో క్లాసు పిల్ల పక్కన స్టూలేసుకుని నేర్చుకున్నారు. "నేర్పినంతసేపూ ఈ పిల్ల నాకు టీచరే" అనేవారు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

కరోనా వచ్చిన ఏడు మనవరాలు ఒకటో క్లాసు, పాఠాలన్నీ ఫోనులోనే. కొడుక్కి జాముల్ అనే చోట సిమెంటు ఫ్యాక్టరీ కాంట్రాక్టు పని, కోడలికి ఆస్పత్రి డ్యూటీ. ఫోనూ పిల్లా నా చేతిలోనే. ఈ మైకు గుర్తు నొక్కితే మనింటి చప్పుడు బయటికెళ్ళదని అబ్బాయి చెప్పేడు. కుక్కరు కూత క్లాసంతా వింటే ఎంత అప్రతిష్ఠ అని నేను రోజూ నొక్కేదాన్ని. వంటింటి చప్పుడే ఆగుతుంది, పిల్ల మాట వెళ్తుంది అనుకున్నాను. ఎనిమిది రోజులు అది లేచి నిలబడి గట్టిగా జవాబులు చెప్పింది. మేడం రెండుసార్లు పేరు పిలిచి ఇంకొకర్ని అడిగేసేవారు. "దాదీ, నా మాట మేడంకి అచ్ఛా లేదు" అంది. ఆ తరవాత నోరు మూసేసుకుంది. ముందు క్లాసులో, ఆనక ఇంట్లో. మంచినీళ్ళు కావాలన్నా బిందె చూపించేది. పిల్ల మూగదైపోతుందేమోనని నేను మొక్కని దేవుడు లేడు.

అప్పట్లో రోడ్డుకి అటు పక్క క్వార్టరే టీచరమ్మది. మాస్కు కట్టుకుని గేటు దాకా వచ్చి, ఏటొదినా, మీ పిల్ల గొంతు వినబడ్డం లేదేటి అన్నారు. ఏడుస్తూ అంతా చెప్పేను. ఫోను తీసుకుని ఆ గుర్తు నొక్కి, ఇది నొక్కితే పిల్ల మాట కూడా ఆగిపోతాదని చూపించేరు. నవ్వలేదు, తిట్టలేదు. అంతా నా వల్లేనన్నాను.

"నీ వల్ల కాదని నేననను ఒదినా. ఫోను బాగుపడిపోనాది, పిల్లే ఇంకా బాగుపడాలి. అది నాకొదిలీ."

ఆ రోజు నించీ సాయంత్రం నాలుగింటికి తన వరండాలోంచి పిల్లకి ఫోను చేసేవారు. ఇవాళేం నేర్చుకున్నావని ఒక్క ముక్క అడిగి ఊరుకునేవారు. ఆవిణ్ణి టీచర్ నానీ, అంటే టీచరు అమ్మమ్మా, అని పిలిచే పిల్ల ఇప్పుడు పలికేది కాదు. పావుగంట అలాగే ఉండి, రేపు చేస్తానమ్మలూ అని పెట్టేసేవారు. నేను పిల్లని పొడుస్తుంటే, లోపలికి పొమ్మని అటునించే చెయ్యి ఊపేవారు. నాలుగు రోజులు ఇదే వరస.

ఇప్పుడది ఆరో క్లాసు. క్లాసులో మాట్లాడుతోందని బడి నించి ఫిర్యాదులొస్తున్నాయి. అవి వింటే కూడా నాకు భయమే, కానీ ఆ భయం తియ్యగా ఉంటుంది.

ఆ ఫోన్లు మొదలైన అయిదో రోజు ఆవిడ కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూచున్నారు. ఎవరూ తనని చూడ్డం లేదని పిల్లకి తెలియాలని కాబోలు. చాలాసేపటికి మా కిటికీ దగ్గర చిన్న గొంతు లేచింది. "టీచర్ నానీ, ఆజ్ పిట్ట గురించి చెప్పేరు." ఆవిడ వెనక్కి తిరగలేదు. ఎండలో ఆ తెల్ల ముడి, చెవి దగ్గర ఫోను, కుర్చీ వెనక్కి చాపిన రెండో చెయ్యి. ఆ చేతి వేళ్ళు మాత్రం మెల్లగా కదులుతున్నాయి, ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని.