పేజీ మూసేదాక పెద్దమ్మ గొంతు

మరైగూడలో మా పక్కింటి పెద్దమ్మ మొన్న బుధవారం పొద్దున పోయింది. నేను కోంటలో ఉన్న. ఫోన్‌ల ఆ వార్త చెప్తుంటే, నా ముందర కంప్యూటర్ల ఆమె గొంతే పలుకుతుంది.

నేను చదువు చెప్పే బడి పిల్లలకు ఇంట్ల దోర్లి మాట, బడిలో హిందీ. తెలుగు కూడ అబ్బాలని బ్రౌజర్‌లో తెరుచుకునే బొమ్మల పేజీ చేసిన. బొమ్మ నొక్కితే పేరు వినపడాలె. ఆ గొంతు పెద్దమ్మది. కుండ, ఇప్పపువ్వు, అన్నీ బాగనే చెప్పింది. కంచం బొమ్మ దగ్గర మొండికేసింది. "ఉత్తగ అన్నం అని ఎట్లంటరా? పిలవకుంట పెడ్తరా?" అని, "రా బిడ్డా, అన్నం తిందువు" అన్నది. అదే ఉంచిన.

ఇక్కడ నెట్‌వర్క్ సంగతి తెలిసిందే. అందుకే పేజీ తెరవంగనే గొంతు ఒక్కసారి ఫోన్‌లకు ఎక్కి, నొక్కినప్పుడల్లా అదే మళ్లా పలికేటట్టు రాసిన. "ఒక్కసారి అంటే చాలు పెద్దమ్మా, నూరుసార్లు పలుకుతది" అన్న.

"అయితే నాకెందుకురా గంజి? దానికే పొయ్యిరా!" అని నవ్వింది.

కంచం గబగబ ఐదుసార్లు నొక్కితే ఐదుగురు పెద్దమ్మలు ఒకళ్ల మీద ఒకళ్లు పిలిచిండ్రు. నవ్వుతున్నామె ఆగిపోయింది. "వీళ్లల్ల నేనెవర్నిరా?" అన్నది.

ఆమె చేతి కూడు తిని పెరిగినోణ్ని. ఆ పేజీ నిలబడ్డది కూడా ఆమె నోటి పుణ్యమే.

మూడో దినం మరైగూడకు పోతే ఆమె బిడ్డ, నేను అక్కా అనేటామె, నన్ను పక్కకు పిలిచింది. "పదో దినం దాక అమ్మ పిలవొద్దురా. పిలిస్తే ఎవరన్న పలుకుతరు. పలికినోళ్లను తీస్కపోతదంటరు." పేజీ ఉండే సర్వర్‌లకెళ్లి ఆ గొంతు అప్పుడే తీసేసిన. అక్కకు నమ్మకం కుదరాలని పెద్దమ్మ ఫోన్ అందుకున్న. పేజీ తెరిచే ఉంది. "చూడు, ఇగ పలకదు" అని కంచం నొక్కిన.

"రా బిడ్డా, అన్నం తిందువు."

వాకిట్ల కూసున్నోళ్లంత నా దిక్కు కాదు, వంటింటి దిక్కు చూసిండ్రు. అండ్ల ఎవరూ లేరు. మూడు రోజులాయె పొయ్యి వెలిగించక.

నా బుద్ధి గడ్డి తిన్నది! సర్వర్‌ల తీసేస్తే ఏంది, ఫోన్‌లకు ఎక్కింది పేజీ మూసేదాక ఉంటది. రాసినోణ్ని నేనే, మర్చిపోయినోణ్ని నేనే.

"ఇటియ్యి, నేనే మూస్త" అన్నది అక్క. ఏడ నొక్కాల్నో చూపించిన. బొటనవేలు అక్కడిదాక పోయి ఆగింది. మూడు రోజులుగ అక్క మెతుకు ముట్టలేదు. ఎంతమంది బతిమాలిండ్రో.

కంచం నొక్కింది. పెద్దమ్మ పిలిచింది.

"ఆఁ, వస్తన్ననే అమ్మా" అని అక్క లేచింది.

ఇంకా వంటింటి గడప దాటలేదు. రెండు చేతుల ఫోన్ పట్టుకునే ఉంది. లోపల, నేల మీద కంచం పెట్టిన చప్పుడైంది.